మూడు లారీలా, నాలుగా? కాంక్రీటు లెక్క మీద పాఠకుల ప్రశ్నలు

దాళ్వా కోతలు అయ్యాయి. ధాన్యం డబ్బులు చేతికొచ్చే ఈ రోజుల్లోనే మన గోదావరి జిల్లాల్లో ఆగిపోయిన ఇళ్ళన్నీ మళ్ళీ లేస్తాయి. అందుకేనేమో ఈసారి ‘కట్టుబడి కబుర్లు’ శీర్షికకు వచ్చిన ఉత్తరాలు ఇంచుమించు అన్నీ ఒకటే అడిగాయి: కాంక్రీటు ఎంతని ఆర్డరు చెప్పాలి? ఒక్కో ఉత్తరానిదీ ఒక్కో గొడవ కాబట్టి, వాటిలో కొన్ని ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మొదటి స్లాబు వేస్తున్నాం. ఇల్లు 40 అడుగులకు 30 అడుగులు. స్లాబు మందం 5 అంగుళాలు. నేను లెక్కేస్తే 14 క్యూబిక్ మీటర్లు వచ్చింది. మేస్త్రీ 18 చెప్పమంటున్నాడు. రెడీమిక్స్ (కాంక్రీటు కలిపి లారీల్లో పంపే) ప్లాంటువాళ్ళు డ్రాయింగు చూసి 21 అన్నారు. అమ్ముకోడానికే ఎక్కువ చెప్తున్నారని మా నాన్నగారి అనుమానం. డ్రాయింగు జత చేశాను. ఎవరి మాట వినాలి మేడం? — ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: తమ్ముడూ, మీరు కొలిచింది పలక ఒక్కటే. మేస్త్రీ అసలు కొలవలేదు, లారీకి 6 క్యూబిక్ మీటర్ల చొప్పున మూడు లారీలని గుండు లెక్క చెప్పాడు. ప్లాంటువాళ్ళు డ్రాయింగులో ఉన్నదంతా కొలిచి పైన కాస్త వేసుకున్నారు. మీ నాన్నగారి అనుమానం ఎప్పుడూ తప్పని నేననను. ఈసారికి మాత్రం ప్లాంటువాళ్ళ అంకే నిజానికి దగ్గర.

మీ డ్రాయింగు ముందు పెట్టుకుని చూద్దాం. 40ని 30తో గుణిస్తే 1200 చదరపు అడుగులు. ముందు వైపు 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బాల్కనీ ఉంది, అది మీరు కలపలేదు. కలిపితే 1248. మెట్ల దగ్గర 12 అడుగులకు 7 అడుగుల ఖాళీ ఉంది, అది తీసెయ్యలేదు. తీసేస్తే 1164. దీన్ని 5 అంగుళాల మందంతో, అంటే 5 బై 12 అడుగులతో గుణిస్తే 485 ఘనపుటడుగులు. పలక వరకూ ఇదీ సంగతి. మీ 14 క్యూబిక్ మీటర్లంటే 500 ఘనపుటడుగులు, దానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

తేడా అంతా బీముల్లో ఉంది. మీ బీము 9 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు. ఆ 18లో పైన 5 అంగుళాలు పలకలోనే కలిసిపోయాయి, వాటిని ఇప్పటికే లెక్కేశాం. కింద వేలాడేది 13 అంగుళాలు. అడుగు పొడవు బీముకు 0.75 ని 13 బై 12 తో గుణిస్తే 0.81 ఘనపుటడుగు. పొడుగు వైపు మూడు వరసలు, అడ్డంగా నాలుగు వరసలు, మొత్తం 240 రన్నింగ్ అడుగులు. పన్నెండు పిల్లర్ల దగ్గర రెండు బీములూ కలిసే చోట రెండుసార్లు లెక్కపడింది. చోటుకు 9 అంగుళాల చొప్పున 9 అడుగులు తీసేస్తే 231. అంటే దగ్గర దగ్గర 188 ఘనపుటడుగులు. మీరు వదిలేసింది ఇది. చిన్నదేమీ కాదు, ఒక లారీకి కాస్త తక్కువ.

మెట్ల పై వరస స్లాబుతో పాటే పోస్తామని రాశారు. మూడున్నర అడుగుల వెడల్పు, ఏటవాలుగా 10 అడుగులు, 6 అంగుళాల మందం, మీద పది మెట్లు. అంతా కలిపి 25 ఘనపుటడుగులు. సన్‌షేడ్లు లింటెల్‌తో అయిపోయాయి కదా, వాటి జోలికి పోకండి.

485, 188, 25 కలిపితే 698 ఘనపుటడుగులు. క్యూబిక్ మీటరుకు 35.3 ఘనపుటడుగులు కాబట్టి 19.8 క్యూబిక్ మీటర్లు. ఇది కాగితం మీది లెక్క. కాగితం దగ్గరే ఆగిపోయేవాళ్ళకే చివర్లో ఒక మూల ఖాళీగా మిగులుతుంది.

మా నాన్నగారిది ఆచంట, తాపీ మేస్త్రీ. ఆయనకు డ్రాయింగు చదవడం రాదు గాని, స్లాబు పోసే ముందురోజు సాయంత్రం సెంట్రింగ్ (స్లాబు కింద బిగించే అచ్చు) మీదికెక్కి ఈ చివర నుంచి ఆ చివరకు పురికొస బిగించి, గుర్తులు పెట్టిన పుల్లతో చోటు చోటా లోతు కొలిచేవారు. నేను ఇంజనీరింగు చదివి వచ్చాక కూడా ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు. ఎందుకంటే 5 అంగుళాలన్నది డ్రాయింగులో ఉంటుంది. సెంట్రింగ్ మీద ఒకచోట 5, ఒకచోట 5 ముప్పావు, రేకులు అతికిన చోట 4న్నర ఉంటుంది. సరుగుడు బాదులు కిందికి దిగితే మధ్యలో పొట్ట వస్తుంది. మీ 1164 చదరపు అడుగుల మీద సగటున పావు అంగుళం పెరిగితే 24 ఘనపుటడుగులు, అంటే 0.7 క్యూబిక్ మీటరు. అర అంగుళం పెరిగితే 1.4. గుణకారం తప్పితే మళ్ళీ చేసుకోవచ్చు. సెంట్రింగ్ దిగిపోయిన సంగతి లారీ వచ్చాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఓ ఇరవై చోట్ల కొలిచి సగటు తీయండి. 5 పావు వచ్చిందంటే లెక్కలో 5 పావే వేయండి. అంతకు మించి వచ్చిందంటే లెక్క పెంచడం కాదు, సెంట్రింగ్ వాళ్ళని పిలిచి జాకీలు బిగించమనండి. మందం పెరిగితే డబ్బుతో పాటు బరువూ పెరుగుతుంది.

ఇంకోటి, కాంక్రీటు పైకి ఎక్కించే పంపు సంగతి. 5 అంగుళాల పైపు 30 మీటర్లు పరిస్తే దాని కడుపులోనే 0.37 క్యూబిక్ మీటరు ఉండిపోతుంది. హాపరు (పంపు తొట్టి) అడుగున కొంత. పని అయ్యాక అదంతా కడిగి పారబోసేదే.

ఇక అసలు కిటుకు. 21 అని ఒకేసారి చెప్పకండి. మూడు లారీలు ఖాయంగా చెప్పి, నాలుగోది ‘ఎంతన్నది ఫోన్లో చెప్తాం’ అని ముందే మాట్లాడుకోండి. రెండో లారీ ఖాళీ అయి, మూడోది పోయడం మొదలెట్టే లోపు టేపు తీసుకుని మిగిలింది కొలవండి. ఉదాహరణకు 450 చదరపు అడుగుల పలక 5 పావు మందంతో మిగిలిందనుకోండి, 197. బీములు 100 అడుగులు, 81. మెట్లు 25. మొత్తం 303 ఘనపుటడుగులు, 8.6 క్యూబిక్ మీటర్లు. మూడో లారీలో 6 వస్తుంది. ఇంకా కావలసింది 2.6. మూడు చెప్పండి. తిరిగి తిరిగి 21 దగ్గరకే వచ్చామని మీ నాన్నగారు నవ్వుతారేమో గాని, ఈ 21 మీరు కొలిచింది. సెంట్రింగ్ బిగుతుగా ఉంటే రెండున్నరతోనే సరిపోవచ్చు. తక్కువ లోడుకు కొన్ని ప్లాంట్లు అదనంగా తీసుకుంటాయి. ఆ సంగతి లారీ బయల్దేరాక కాకుండా బేరంలోనే తేల్చుకోండి.

దారి గురించి మీరు అడగలేదు గాని కోనసీమలో ఉన్నారు కాబట్టి చెప్పాలి. 6 క్యూబిక్ మీటర్ల కాంక్రీటే 14 టన్నుల పైమాట. బండి బరువుతో కలిపితే పాతిక టన్నులు దాటుతుంది. మీ ఊళ్ళోకి వచ్చే దారిలో పంట కాలువ మీద పాత కల్వర్టు ఉంటే, గట్టు రోడ్డు వానకు నానిపోయి ఉంటే, ఆ బండి రాదు. వచ్చినా రానివ్వకూడదు. అలాంటి చోట లారీకి 3 లేక 4 మాత్రమే నింపి పంపమంటారు. అప్పుడు మీవి నాలుగు లారీలు కావు, ఆరో ఏడో. మధ్య మధ్యలో ఎదురుచూపులు. కాంక్రీటు కలిపిన రెండు గంటల్లోపు బండిలోంచి దింపెయ్యాలన్నది రెడీమిక్స్‌కు ఐ.ఎస్. 4926 (భారతీయ ప్రమాణాల కోడు) పెట్టిన నియమం. మే నెల ఎండలో ఆ రెండు గంటలు కూడా ఎక్కువే. అందుకని తెల్లవారుజామున మొదలుపెట్టండి. దారిలో రైల్వే గేటు ఉంటే ఏ బండి ఎన్నింటికో ముందే కనుక్కోండి.

ఎంత చేసినా చివరి లారీ ఆలస్యమైందనుకోండి. ఎక్కడంటే అక్కడ ఆపకండి. పిల్లరు పక్కన, బీము చివర ఆపితే అక్కడే నెర్రె తీస్తుంది. రెండు బీముల నడిమి భాగంలో నిలువుగా చెక్క అడ్డుపెట్టి ఆపాలి. ఏటవాలుగా జారవిడిచి వదిలెయ్యకూడదు. మళ్ళీ పోసే ముందు ఆ అంచుని వైర్ బ్రష్‌తో గరుకు చేసి, తడిపి, సిమెంటు పాలు రాయాలి.

ప్రశ్న: కడ్డీలు కూడా చోటు ఆక్రమిస్తాయి కదా, టన్నున్నర ఇనుము వేశాం. అంతమేర కాంక్రీటు తగ్గించి చెప్పొచ్చా? — ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దండి. ఇనుము క్యూబిక్ మీటరుకు 7850 కిలోలు. మీ టన్నున్నరా ముద్ద చేస్తే 0.19 క్యూబిక్ మీటరు, వైబ్రేటరు (కాంక్రీటును అదిరించి సర్దే యంత్రం) పెట్టినప్పుడు సందుల్లోంచి కారిపోయే సిమెంటు పాలకు అది సరి. ప్రభుత్వ పనుల కొలతల్లో కూడా ఇనుము తీసెయ్యరు.

ప్రశ్న: ఆకివీడు దగ్గర మా స్థలం ఒకప్పటి చెరువు. మట్టి తోలి మెరక చేశాం. అడుగున నల్ల బంకమట్టి. ఇంజనీరు గారు అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలో బోరు తవ్వి కాంక్రీటు నింపే, అడుగున బల్బులా ఉబ్బిన స్తంభాలు) వేయమన్నారు. 20 పైల్స్, 30 సెంటీమీటర్ల వ్యాసం, 4 మీటర్ల లోతు, కింద ఒక బల్బు. లెక్క ప్రకారం 6 క్యూబిక్ మీటర్లు చాలన్నాడు కాంట్రాక్టరు. తీరా 8న్నర పట్టింది. మమ్మల్ని మోసం చేశారా? — ఒక పాఠకురాలు, ఆకివీడు

జవాబు: అమ్మా, మోసం ఉందో లేదో చెప్పేముందు ఆ 6 ఎలా వచ్చిందో చూద్దాం. 30 సెంటీమీటర్ల బోరు, 4 మీటర్లు, అంటే పైలుకు 0.283 క్యూబిక్ మీటరు. ఇరవైకి 5.65. దాన్నే 6 అన్నాడు. బల్బు లెక్కలో లేదు. బల్బు వ్యాసం మామూలుగా బోరుకు రెండున్నర రెట్లు, అంటే మీకు 75 సెంటీమీటర్లు. పైనా కిందా 45 డిగ్రీల వాలు అనుకుని లెక్కిస్తే ఒక్కో బల్బుకు 0.07 అదనం. పైలు ఇంకో మీటరు పొడుగైనట్టే. ఇరవై బల్బులకు 1.4. ఇక్కడికే 7 దాటింది.

మిగతాది వ్యాసం తినేసింది. బంకమట్టిలో ఆగరు (బోరు తవ్వే పనిముట్టు) ఎక్కించి దించేటప్పుడు బోరు అంచులు రాలతాయి. 30 కావలసింది 32 అవుతుంది. రెండు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. కాని వైశాల్యం వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది, కాబట్టి కాంక్రీటు దాదాపు 14 శాతం పెరుగుతుంది. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, ఆ నీళ్ళలో బోరు ఇంకా జారుతుంది. పైగా పైలు తల దగ్గర మట్టి కలిసిన నాసి కాంక్రీటు తేలుతుంది కాబట్టి కట్ ఆఫ్ లెవెల్ (పైలు తల చివరికి ఉండాల్సిన మట్టం) పైన అడుగో రెండడుగులో ఎక్కువ పోసి తర్వాత పగలగొట్టాలి. ఇవన్నీ కలిపితే 8న్నర న్యాయమైన అంకే. పైల్స్‌కు నేనైతే డ్రాయింగు లెక్క మీద 15 నుంచి 20 శాతం కలిపి చెప్తాను. బల్బు మరచిపోకుండా.

మీరు భయపడాల్సింది ఎక్కువ పట్టినందుకు కాదమ్మా. ఏ పైలుకైనా లెక్క కంటే తక్కువ పట్టిందా అన్నది అడగండి. 0.35 పట్టాల్సిన చోట 0.28తో నిండిపోయిందంటే, బోరు మధ్యలో మట్టి జారి పైలు మెడ సన్నబడి ఉండొచ్చు, లేదా కింద బల్బు తవ్వనే లేదు. అందుకే పైలు నంబరు వేసి, దేనికెంత పట్టిందో పక్కన రాసే పుస్తకం సైట్లో ఉండాలి. మీ కాంట్రాక్టరు అలాంటిది రాసి ఉంటే అడిగి తీసుకోండి. రాయకపోతే మిగతా పనికైనా రాయించండి. అనుమానం ఉన్న పైలుకు ఇంటెగ్రిటీ టెస్టు (పైలు లోపల బాగుందో లేదో చూసే పరీక్ష) చేయించే వీలుంది, ఇంజనీరు గారితో మాట్లాడండి.

ప్రశ్న: నాకు డెబ్భై ఏళ్ళు. మండపేట దగ్గర మాది. పశువుల పాకలో గచ్చు వేయిద్దామని. 30 అడుగులకు 20 అడుగులు, 4 అంగుళాల మందం. ఇంత చిన్న పనికి రెడీమిక్స్ ఎందుకు, మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) పెట్టి కలిపిద్దామనుకుంటున్నాను. ఒకటి, రెండు, నాలుగు పాళ్ళు. సిమెంటు బస్తాలు, ఇసుక, కంకర ఎంత తెప్పించాలో చెప్పమ్మా. పోయినసారి ఇంటి ముందు అరుగుకి మొత్తం ఘనపుటడుగుల్ని ఏడు భాగాలు చేసి తెప్పించాను, సరుకు చాలక మధ్యలో పని ఆగిపోయింది. — ఒక రైతు, మండపేట

జవాబు: బాబాయి గారూ, పాళ్ళు మీరు సరిగానే పంచారు. కాని ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర కలిపితే ఏడు పాళ్ళ కాంక్రీటు రాదు. కుంచెడు పెసరపప్పు కుంచెడు ఆవాలతో కలిపి చూడండి, రెండు కుంచాలు నిండవు. కంకర సందుల్లోకి ఇసుక దూరుతుంది, ఇసుక సందుల్లోకి సిమెంటు దూరుతుంది. అందుకే తడి కాంక్రీటు ఎంత కావాలో దానికి పొడి సరుకు 1.54 రెట్లు తెప్పించాలి.

మీ గచ్చు 600 చదరపు అడుగులు, 4 అంగుళాలంటే అడుగులో మూడో వంతు, కాబట్టి 200 ఘనపుటడుగులు. పొడి సరుకు 308. ఏడుతో భాగిస్తే 44. సిమెంటు 44 ఘనపుటడుగులు, బస్తా 1.23 ఘనపుటడుగు కాబట్టి 36 బస్తాలు. ఇసుక 88, కంకర 176 ఘనపుటడుగులు.

36 బస్తాలకు 38 తెప్పించుకోండి. రెండు మిగిలితే గోడల పూతకు పనికొస్తాయి. మరీ ముందుగా తెప్పించి పాకలో పెట్టకండి, మన గాలిలో తేమకు సిమెంటు గడ్డకడుతుంది.

చిక్కంతా ఇసుకతో. రావులపాలెం వైపు ర్యాంపు నుంచి వచ్చే ఇసుక తడిగా వస్తుంది. కాస్త తడి తగిలిన ఇసుక రేణువుల మధ్య నీటి పొర చేరి పొంగుతుంది. పాతిక శాతం దాకా పొంగడం మామూలే. పూర్తిగా నీళ్ళలో ముంచితే ఆ పొంగు పోతుంది. ఎంత పొంగిందో మీరే చూసుకోవచ్చు. గాజు సీసాలో 20 సెంటీమీటర్ల ఎత్తున ఆ ఇసుక వదులుగా పోయండి. నీళ్ళు పోసి కలిపి తేరనివ్వండి. ఇసుక 16 దగ్గరకు దిగిందంటే పొంగు పాతిక శాతం. అంటే 88 కావాలంటే ట్రక్కులో కొలిచి 110 తీసుకోవాలి. మిల్లరు దగ్గర కూడా ఇసుక పెట్టె రెండుకు బదులు రెండున్నర వేయాలి. లేకపోతే ఇసుక తక్కువై కంకర తేలుతుంది, గచ్చు గుల్లగా వస్తుంది. టన్నుల్లో కొంటే ఈ పొంగు బాధ లేదు గాని నీటి బరువుకు కూడా డబ్బులిస్తున్నట్టే. 88 ఘనపుటడుగుల పొడి ఇసుక సుమారు 4 టన్నులు తూగుతుంది.

ట్రాక్టరు ట్రక్కు ఎంత పడుతుందని తోలేవాణ్ణి అడగకండి. టేపుతో లోపలి పొడవు, వెడల్పు, ఇసుక ఉన్న ఎత్తు మీరే కొలవండి. పైన గోపురంలా పోసి చూపిస్తారు, దారిలో సగం రాలిపోతుంది. చదును చేయించి కొలవండి.

మిల్లరు దగ్గర తట్టల లెక్క వద్దు. 40 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 ఎత్తు ఉన్న పెట్టె చేయించండి. అందులో 35 లీటర్లు పడుతుంది, అంటే సరిగ్గా బస్తా సిమెంటు అంత. దాంతో ఇసుక, కంకర కొలిపించండి. బస్తాకు ఒక విడత చొప్పున మీకు 36 విడతలు, పొద్దున మొదలెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోతుంది.

ఇదంతా నేల చదునుగా ఉంటేనే. పశువులు తొక్కిన నేల గుంటలు పడి ఉంటుంది. 4 అంగుళాలు కాస్తా సగటున 5 అయితే 200 కాదు, 250 ఘనపుటడుగులు, బస్తాలు 45. పోయినసారి మీకు సరుకు చాలకపోవడానికి 1.54 ఒక కారణమైతే, ఇది రెండోది అయ్యుండొచ్చు. ముందు గ్రావెల్ వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించి, మట్టం చూశాకే సిమెంటు తెప్పించండి. మూత్రం పారడానికి వాలు కావాలి. ఆ వాలు కింద నేలలోనే పెట్టించండి. కాంక్రీటుతో వాలు తేవాలని చూస్తే ఒక అంచున 3, ఇంకో అంచున 6 అంగుళాలు పడుతుంది.

ప్రశ్న: సఖినేటిపల్లి. సముద్రం దగ్గరే. మేస్త్రీ ఎం20 చాలంటున్నాడు, ప్లాంటువాళ్ళు ఎం30 అంటున్నారు. మా చుట్టూ రొయ్యల చెరువులు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఏది చెప్పాలి? — ఒక పాఠకుడు

జవాబు: ఎం30 చెప్పండి. ఇవి కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడ్లు, అంకె పెద్దదైతే బలం ఎక్కువ. ఎం20 అన్నది ఇనుము వేసే కాంక్రీటుకు ఐ.ఎస్. 456 ఒప్పుకునే అతి తక్కువ గ్రేడు. సముద్రపు గాలి నేరుగా తగిలే కట్టడాన్ని అదే కోడు ‘తీవ్రమైన’ వాతావరణం కింద పెట్టి కనీసం ఎం30 వేయమంది, నీళ్ళు సిమెంటు బరువులో 45 శాతం మించకూడదంది. గ్రేడు మారితే క్యూబిక్ మీటర్లు మారవు, ధర మారుతుంది. ఇంటి లోపలి గచ్చుకు అంత అక్కర్లేదు. పునాది, పిల్లర్లు, స్లాబు, ఎండకూ గాలికీ బయట ఉండే పిట్టగోడ బీము, వీటికి వేయండి. కవరు బ్లాకులు (కడ్డీల కింద పెట్టే బిళ్ళలు) కూడా డ్రాయింగులో ఎంతుంటే అంత మందానివే పెట్టించండి, రాయి ముక్క పెట్టి సరిపెట్టనివ్వకండి.

నీళ్ళ సంగతి. ఇనుము ఉన్న కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. నాలుకకు ఉప్పగా తగిలే నీళ్ళు ఆ హద్దులో ఉండే అవకాశం తక్కువ. ఒక లీటరు సీసాలో పట్టి ల్యాబుకు పంపండి. క్యూరింగ్‌కు (పోశాక తడపడానికి) కూడా ఆ నీళ్ళు వాడకండి. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు (నీళ్ళు ఆపేస్తారు), అప్పుడు ట్యాంకరు నీళ్ళే గతి. కాలువ కట్టే తేదీ కనుక్కుని దానికి ముందే స్లాబు పడేట్టు చూసుకున్నా, స్లాబు మీద మడి కట్టి నిలపడానికి కావలసిన నీళ్ళు తొట్లలో పట్టి ఉంచుకోండి.

ప్రశ్న: లారీలో నిజంగా 6 క్యూబిక్ మీటర్లు వచ్చిందని మాకెలా తెలుస్తుంది? డ్రమ్ములోకి చూడలేం కదా. చలానాలో 6 అని రాసి ఉంటుంది, సంతకం పెట్టేస్తున్నాం. — ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: కాటా వేయించండి. మన ఊళ్ళలో ధాన్యం కాటాలకు కరువా! నిండు లారీని ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి తూయించండి. తేడా కిలోల్లో తీసుకుని 2400తో భాగించండి. 6కి 14,400 కిలోల దగ్గర రావాలి. మిక్సుని బట్టి సాంద్రత కొంచెం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి రెండు మూడొందల కిలోల తేడాకు గొడవపడకండి. 13 టన్నులే వస్తే అడగండి. అన్ని లారీలూ తూయించక్కర్లేదు. ఏ లారీ తూయిస్తారో ముందు చెప్పకుండా ఒకటి తూయించండి. చలానాతో పాటు బ్యాచ్ షీటు కూడా అడగండి. సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు ఎన్ని కిలోలు పడ్డాయో, ఎన్ని గంటలకు కలిపారో అందులో అచ్చయి ఉంటుంది.

చలానా మీద సంతకం బండి ఖాళీ అయ్యాకే పెట్టండి. డ్రమ్ము తిరగేసి బ్లేడ్ల మధ్య ఏమీ మిగల్లేదని చూశాకే.

కాంక్రీటు గట్టిగా ఉందని, పంపు లాగడం లేదని డ్రైవరు గొట్టం తీసి నీళ్ళు పడతాడు. కొందరు ఇంటివాళ్ళు అది చూసి సరుకు పెరిగిందని సంబరపడతారు కూడా! 60 లీటర్లు పోస్తే పెరిగేది 0.06 క్యూబిక్ మీటరు. తట్టల్లో చూస్తే నాలుగైదు. దానికి బదులు ఆ 6 క్యూబిక్ మీటర్ల బలమూ తగ్గుతుంది. జారుడు కావాలంటే ప్లాంటువాళ్ళే రసాయనం పంపుతారు, అది వేయించండి.

ప్రశ్న: చివరి లారీలో అర క్యూబిక్ మీటరు మిగిలింది. డ్రైవరు రోడ్డు పక్క పంట బోదెలో పారబోస్తానన్నాడు, మేం వద్దన్నాం. చివరికి వాకిట్లో కుప్పగా పోసుకున్నాం, ఇప్పుడది పగలగొట్టాలంటే కూలి ఎక్కువవుతోంది. ఇంకో స్లాబు ఉంది. అప్పుడేం చేయాలి? — ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: బోదెలో పోయనివ్వకపోవడం చాలా మంచి పని చేశారు. అది గట్టిపడితే దిగువ రైతులకు నీళ్ళందవు. సిమెంటు నీళ్ళు చేపలకూ మంచివి కావు.

ఈసారి స్లాబుకు ముందురోజే మిగులుకు చోటు సిద్ధం చేసుకోండి. మురుగు కాలువ మీద వేసే పలకలకు అచ్చులు చేయించండి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండున్నర అంగుళాల మందం అయితే ఒక్కోదానికి 0.625 ఘనపుటడుగు, అర క్యూబిక్ మీటరుకు 28 పలకలు. అన్ని అచ్చులు చేయించలేకపోతే, చదునైన నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, నాలుగు వైపులా రీపర్లు బిగించి ఒకే పెద్ద పలకగా పోసి, గట్టిపడకముందే తాపీతో గాట్లు పెట్టి విడదీయండి. బట్టలుతికే బండ, కొళాయి కింద గచ్చు, తులసికోట అరుగు, ఇలాంటివి కూడా రాసి పెట్టుకోండి.

మిగిలిందని పక్కనున్న పిల్లరు అచ్చులో మాత్రం పోయించకండి. అప్పటికి దానికి రెండు గంటలు దాటి ఉంటాయి, వైబ్రేటరు కూడా కడిగేసి ఉంటారు. కాలువ పలకల్లో 8 ఎం.ఎం. ఊచలు రెండు వైపులా అల్లించి ముందే కట్టి ఉంచండి, పోసేటప్పుడు వెతుక్కుంటే దొరకవు. పలకకు ఒక మూల వేలు దూరేంత పీవీసీ గొట్టం ముక్క నిలబెట్టి పోయించండి. మురుగు తీసే రోజు కొక్కెం వేసి లేపడానికి.